మళ్ళీ విప్పగలిగేలా అతకడం

నేను బాగుచేసిన మొదటి కుర్చీలోంచి పీకిన మేకులు పదకొండు. కూర్చుంటే ఊగుతోందని ఎవరో ఒక మేకు కొట్టి ఉంటారు, కొన్నాళ్ళకి అది వదులైతే పక్కనే ఇంకోటి, ఆ రెండూ కలిసి చెక్కని చీలిస్తే ఆ చీలిక ఇంకా విచ్చుకోకుండా పైనుంచి మరో రెండు. వాటి చుట్టూ మూడు నాలుగు రకాల బంక గట్టిపడి ఉంది, వాటన్నిటినీ కప్పేస్తూ మందపాటి వార్నిష్. అంతా విప్పి నేల మీద పరిచాక చూస్తే చెక్క మాత్రం ఎక్కడా పుచ్చలేదు, అంతా చేవ ఉన్న కర్ర. ఆ కుర్చీకి తగిలిన దెబ్బల్లో చాలావరకు దాన్ని బాగుచేద్దామనుకున్నవాళ్ళు కొట్టినవే.

వాళ్ళని తప్పుపట్టే హక్కు నాకు లేదు, ఎందుకంటే ఆ వరసలో నేనూ ఉన్నాను. ఈ పనిలోకి నేను వచ్చింది పాలిష్ మీద మోజుతో. పాత చెక్క మీద లోపలి నుంచి వెలుగు వస్తున్నట్టు కనిపించే ఆ మెరుపు ఎలా వస్తుందో తెలుసుకోవాలని కోరిక. అందుకని మొదటే సాండ్ పేపరు, పాలిష్ డబ్బా, బ్రష్షులు కొనేశాను. కుర్చీ ఊగుతోంది కదా అని కాళ్ళు కాస్త ఎడంగా లాగి, ఆ సందుల్లోకి తెల్ల బంక పిండి, తాడుతో బిగించి కట్టి, రెండు రోజులాగి పాలిష్ మొదలుపెట్టాను. నెల తిరక్కుండా మళ్ళీ ఊగింది. ఈసారి పైన కొత్త పాలిష్ కూడా అతుకుల దగ్గర పగుళ్ళిచ్చింది.

అప్పుడు తెలిసినవాళ్ళ ద్వారా ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. నలభై ఏళ్ళకి పైగా కుర్చీలూ బల్లలూ బాగుచేసిన వడ్రంగి మేస్త్రి. కుర్చీని తిరగేసి చూసి, నేను పెట్టిన బంకని గోరుతో గీరి, ఒక్కటే అడిగారు. "ఏమ్మా, రేపు దీన్ని మళ్ళీ విప్పాలంటే ఎలా విప్పుతావ్?" అతికించాలని వచ్చినదాన్ని విప్పడం గురించి అడుగుతారేంటి అనిపించింది. ఆ ప్రశ్న అర్థమవడానికి నాకు ఏడాది పట్టింది. ఇప్పుడు ఏ పని మొదలుపెట్టినా, బంక అయినా, స్క్రూ అయినా, పాలిష్ అయినా, ముందు దానికే జవాబు వెతుక్కుంటున్నాను.

అసలు అతుకులు ఎందుకు వదులవుతాయో తెలిస్తే ఆ ప్రశ్న ఎందుకడిగారో తెలుస్తుంది. చెట్టు నరికి వందేళ్ళయినా చెక్క గాలిలో తేమని పీల్చుకుంటూ, వదులుతూనే ఉంటుంది. తేమ పెరిగితే ఉబ్బుతుంది, తగ్గితే కుంచించుకుపోతుంది. ఇది అన్ని వైపులా ఒకేలా జరగదు, చిక్కంతా అక్కడే. పచ్చి కర్ర పూర్తిగా ఎండేసరికి నార వెంబడి, అంటే పొడుగు వైపు, తగ్గేది 0.1 నుంచి 0.2 శాతమే. నారకి అడ్డంగా, చెట్టు వలయాల వెంట కొలిస్తే చాలా రకాల కర్రల్లో 5 నుంచి 10 శాతం దాకా తగ్గుతుంది. వలయాలకి అడ్డంగా, చెట్టు మధ్య నుంచి బెరడు వైపు కొలిస్తే అందులో సగం అనుకోవచ్చు. ఇప్పుడు కుర్చీ కాలిలో ఒక బెజ్జం, ఆ బెజ్జంలోకి దిగిన అడ్డకర్ర కొస, ఈ రెంటినీ ఊహించుకోండి. రెండింటి నారలూ ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి. తేమ రోజుల్లో కొస ఉబ్బుతుంది, కానీ బెజ్జం దానికి చోటివ్వదు, దాంతో కొసలోని నారలు నలిగిపోతాయి. పొడి రోజులొచ్చాక ఆ నలిగిన కొస మొదటున్న సైజుకి రాదు, ఇంకాస్త సన్నబడుతుంది. ఇలా కొన్నేళ్ళు జరిగితే బంక ఎంత మంచిదైనా పట్టు వదిలేస్తుంది. అంటే ఎవరి తప్పూ లేకుండానే, ఎంత గొప్ప పనివాడు చేసిన కుర్చీ అయినా, ఎప్పుడో ఒకప్పుడు ఊగుతుంది. దాన్ని విప్పి మళ్ళీ అతకాల్సిన రోజు వస్తుంది. ఆ రోజున ఆ పని చేసేవాళ్ళకి మనం దారి ఉంచామా లేదా అన్నదే ఆయన అడిగింది.

మేకు ఆ దారి మూసేస్తుంది. ఇనుము ఉబ్బదు, కుంచించుకోదు, తుప్పు పడుతుంది, చుట్టూ ఉన్న చెక్కని నల్లగా చేసి తినేస్తుంది. పైగా విప్పేటప్పుడు మేకు ఎక్కడుందో తెలియక సుత్తితో కొడితే బెజ్జమే చీలుతుంది. అందుకే ఇప్పుడు విప్పే ముందు చిన్న అయస్కాంతం పట్టుకుని ప్రతి అతుకు మీదా నెమ్మదిగా జరుపుతాను. లప్పం కింద దాక్కున్న మేకులు కూడా దొరికిపోతాయి.

విప్పడం గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే నాకు ఈ పనిలో బాగా నచ్చే భాగం ఇదే. ముందు ఫోటోలు తీసుకోవాలి, నాలుగు వైపుల నుంచీ, కింద నుంచి కూడా. తర్వాత చిన్న చిన్న కాగితపు టేపు ముక్కల మీద గుర్తులు వేసి ప్రతి భాగానికీ అంటించాలి. అడ్డకర్రలన్నీ ఒకేలా కనిపిస్తాయి కానీ చేత్తో చేసిన పాత కుర్చీల్లో ఏ కొసకి ఆ బెజ్జమే, ఒకదాని చోట ఇంకోటి పెడితే కుర్చీ మొత్తం వంకరపోతుంది. ఏ వైపు పైకి, ఏ వైపు లోపలికి అన్నది కూడా రాసుకోవాలి. ఇప్పటికే వదులైన అతుకులు చేత్తో కాస్త మెలితిప్పి లాగితే వచ్చేస్తాయి. రానివాటిని ఇనుప సుత్తితో కొట్టకూడదు. రబ్బరు సుత్తి గానీ కొయ్య సుత్తి గానీ తీసుకుని, దెబ్బ పడేచోట ఒక మెత్తటి చెక్క ముక్క అడ్డుపెట్టి, కాళ్ళ మీద అటు ఒకటి ఇటు ఒకటి చిన్న చిన్న దెబ్బలు వేయాలి.

అప్పటికీ రాకపోతే లోపల ఏ బంక ఉందో చూడాలి. చాలా పాత ఫర్నిచర్‌లో పశువుల చర్మం, ఎముకలు ఉడకబెట్టి తీసిన బంక ఉంటుంది. గోధుమ రంగులో, గాజులా పెళుసుగా విరుగుతుంది, తడి చేస్తే జిగట వస్తుంది. దానికి వేడీ తేమా రెండూ కలిపి తగిలితే, 60 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి వచ్చేసరికి, మెత్తబడి వదిలేస్తుంది. అతుకు చుట్టూ వేడినీళ్ళలో ముంచిన గుడ్డ చుట్టి, కాస్త ఓపిక పడితే చాలు. తెల్ల బంక అయితే అంత తేలిగ్గా రాదు. గోరువెచ్చని వెనిగర్‌ని సిరంజితో సందులోకి కొద్దికొద్దిగా ఎక్కించి, గంటో రెండు గంటలో వదిలేస్తే మెత్తబడుతుంది. ఎపాక్సీ, అంటే రెండు భాగాలు కలిపితే రాయిలా గట్టిపడే బంక, పెట్టి ఉంటే మాత్రం కష్టమే. బాగా వేడి చేస్తే కొన్ని రకాలు మెత్తబడతాయి కానీ ఈలోగా చుట్టూ ఉన్న పాలిష్ పోతుంది, ఒక్కోసారి చెక్కే చీలుతుంది. ఒక బల్ల కాలి దగ్గర ఎవరో ధారాళంగా ఎపాక్సీ పోశారు, దాన్ని విడదీయలేక కాలు పైభాగం కోసి కొత్త ముక్క అతకాల్సి వచ్చింది. రెండు రోజుల్లో అయ్యే పనికి మూడు వారాలు పట్టింది.

విప్పాక పాత బంక మొత్తం తీసేయాలి. నేను మొదటిసారి చేసిన తప్పు ఇదే, పాత బంక మీద కొత్త బంక పెట్టడం. తెల్ల బంక పనిచేయాలంటే చెక్క నారల్లోకి ఇంకాలి, ముందే అక్కడ గట్టిపడిన బంక ఉంటే అది ఇంకదు, పైన పొరలా ఆరుతుంది, కొద్ది ఒత్తిడికే ఊడిపోతుంది. పశువుల బంకకి మాత్రం ఒక గొప్ప గుణం ఉంది: వేడిగా పెట్టిన కొత్త బంక పాత బంకని కరిగించి దానితో కలిసిపోతుంది. అందుకే పాత వస్తువుల మీద పనిచేసేవాళ్ళు ఇప్పటికీ దాన్నే ఇష్టపడతారు. దానికి ప్రత్యేకంగా వేడి చేసుకునే గిన్నె కావాలి, వాసన వస్తుంది, చల్లారేలోపు గబగబా బిగించాలి, ఇవన్నీ నిజమే. అయినా ఎప్పుడైనా వేడీ తడీ తగిలిస్తే తిరిగి వదులుతుంది చూశారూ, అందుకే ఇప్పుడు కుర్చీలకి నేను అదే వాడుతున్నాను. వేడి చేయక్కర్లేకుండా సీసాలో దొరికే రకం కూడా ఉంది, మొదట్లో దానితో మొదలుపెట్టడం సులువు.

బంక గీకేటప్పుడు కొసని సన్నబరచకూడదు. ఉలి వాలుగా పట్టుకుని బంకని మాత్రమే లేపాలి. సాండ్ పేపరు పెట్టి రుద్దితే కొస గుండ్రబడుతుంది, అప్పుడు బెజ్జంలో ఇంకా వదులవుతుంది. ఇప్పటికే వదులుగా ఉన్నదాన్ని బంకతో నింపేద్దాం అనుకోవడం కూడా పనికిరాదు. తెల్ల బంకకి గానీ పశువుల బంకకి గానీ సందు నింపే శక్తి లేదు, రెండు చెక్కలు ఒకదానికొకటి తగులుతూ ఉంటేనే అది పట్టేది. అందుకని చిత్రిక పట్టినప్పుడు వచ్చే పల్చటి పొట్టు లాంటి రేకుని కొస చుట్టూ అతికించి, ఆరాక, బెజ్జంలోకి చేత్తో కాస్త గట్టిగా నెడితే దిగేంత బిగువు వచ్చేలా చూసుకోవాలి. సుత్తి పెట్టి కొడితే తప్ప దిగనంత బిగువు ఉంటే బంక అంతా అడుక్కి నెట్టుకుపోతుంది, బెజ్జం చీలే ప్రమాదం కూడా ఉంది. ఈ బిగువు సరిగ్గా ఎంతుండాలో నేను మాటల్లో చెప్పలేను, పది అతుకులు చేశాక చేతికే తెలుస్తుంది.

బంక పెట్టే ముందు ఒకసారి పొడిగా అన్నీ బిగించి చూడండి. ఇది మాత్రం వదలకండి దయచేసి. బంక పూశాక ఈ క్లాంప్ పొడుగు చాలట్లేదు, ఆ కాలు తిరగబడింది అని తెలిస్తే వచ్చే టెన్షన్ మామూలుగా ఉండదు, ఈలోగా బంక పట్టేస్తూ ఉంటుంది. పొడిగా బిగించినప్పుడే నాలుగు కాళ్ళ మధ్య మూల నుంచి మూలకి టేపుతో కొలవాలి. కుర్చీ అయితే ముందు వెడల్పు, వెనక ఇరుకు ఉంటుంది కాబట్టి చతురస్రం రాదు, కానీ ఆ రెండు మూలల కొలతలు మాత్రం సమానంగా రావాలి. రాకపోతే క్లాంప్‌ని కాస్త ఏటవాలుగా జరిపితే సర్దుకుంటుంది. తర్వాత చదునైన గచ్చు మీద నిలబెట్టి నాలుగు కాళ్ళూ ఆనుతున్నాయో లేదో చూడాలి. అన్నీ సరిపోయాకే విప్పి, బంక పూసి, మళ్ళీ బిగించి, కొలిచి, బయటికి వచ్చిన బంకని తడిగుడ్డతో తుడిచి, ఇక ఒకరోజు మొత్తం దాని జోలికి పోకుండా ఉండాలి. గంటకే పట్టేసినట్టు అనిపిస్తుంది కానీ పూర్తి బలం రావడానికి 24 గంటలు ఆగడమే మంచిది.

ఆ తుడవడం విషయంలో ఒక జాగ్రత్త. చెక్క మీద పల్చగా మిగిలిపోయిన బంక ఆరాక కంటికి కనపడదు. రంగు గానీ పాలిష్ గానీ వేశాక అక్కడ మాత్రం పాలిపోయిన మచ్చలా తేలుతుంది. పాలిష్‌కి ముందు టర్పెంటైన్‌తో తడిపిన గుడ్డతో ఒకసారి మొత్తం తుడిచి వెలుతురుకి ఏటవాలుగా పెట్టి చూస్తే, బంక మచ్చలు, అడ్డగీతలు అన్నీ అప్పుడే బయటపడతాయి.

ఇక పైభాగం సంగతి. చాలామందికి, నాకు కూడా మొదట్లో, పాత బల్ల కనిపిస్తే పైనున్నదంతా గీకేసి కొత్త చెక్క బయటపడేదాకా రుద్దాలనిపిస్తుంది. ఒక రాత బల్ల మీద నేను అదే చేశాను. యంత్రంతో సాండింగ్ చేస్తుంటే మూల దగ్గర ఉన్నట్టుండి చెక్క గీతలు మాయమై వేరే రంగు చెక్క కనిపించింది. ఆ బల్ల పైభాగం మొత్తం వెనీర్ అని, అంటే మామూలు చెక్క మీద అతికించిన ఖరీదైన చెక్క రేకు అని, అప్పుడు తెలిసింది. రంపంతో కోసిన పాతకాలపు వెనీర్ ఒక మిల్లీమీటరు, అంతకన్నా మందం కూడా ఉంటుంది. ఇప్పటిది చాలావరకు అర మిల్లీమీటరుకి అటూ ఇటూ. దాన్ని దాటాక వెనక్కి తీసుకురావడం ఉండదు. ఆ మూల ఇప్పటికీ అలాగే ఉంది. ఆ రోజు తర్వాత ఏ బల్ల తీసుకున్నా ముందు అంచుల దగ్గర చూస్తాను: పైన కనిపించే గీతలు అంచు మీదుగా కిందికి సాగుతున్నాయా, లేక అక్కడ ఆగిపోయి వేరే చెక్క మొదలవుతోందా అని.

నిజానికి సగం వస్తువులకి గీకే అవసరమే ఉండదు. ముందు మురికి వదిలించాలి. కొద్దిగా సబ్బు కలిపిన నీళ్ళలో గుడ్డ ముంచి గట్టిగా పిండి తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టి, తర్వాత టర్పెంటైన్‌తో పాత మైనం పొరలు తీస్తే, నల్లగా చచ్చిపోయినట్టున్న బల్ల కింద బ్రహ్మాండమైన పాలిష్ బయటపడిన సందర్భాలు నాకు రెండున్నాయి. అలా బయటపడ్డాక అది ఏ పాలిష్ అన్నది కనిపించని చోట పరీక్ష చేసి తెలుసుకోవాలి. దూదికి స్పిరిట్ అద్ది రుద్దితే జిగట జిగటగా కరుగుతుంటే అది లక్క పాలిష్. స్పిరిట్‌కి పెద్దగా లొంగకుండా థిన్నర్‌కి కరిగితే లాకర్ అనే త్వరగా ఆరే పూత. దేనికీ కరక్కపోతే పీయూ (పాలీయూరెథేన్) లాంటి ఆధునిక పూత అయ్యుండొచ్చు. లక్క అయితే సంతోషించండి. సన్నగా పగుళ్ళిచ్చి తోలులా కనిపిస్తున్న లక్క పాలిష్ మీద స్పిరిట్ అద్దిన మెత్తటి బ్రష్‌తో తేలిగ్గా ఒకటి రెండుసార్లు పోతే ఆ పాత పొరే కరిగి, తనంతట తనే మళ్ళీ పరుచుకుని ఆరుతుంది. ఏమీ తీయకుండా, ఏమీ కలపకుండా, అదే పాలిష్ మళ్ళీ కొత్తదవుతుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు నోట మాట రాలేదు.

మచ్చల్లో రెండు రకాలు ముఖ్యం. వేడి గిన్నె, తడి గ్లాసు పెట్టిన చోట వచ్చే తెల్లటి వలయం పాలిష్ పొరలోకి తేమ చేరడం వల్ల వచ్చేది, చెక్కకి ఏమీ కాలేదు. స్పిరిట్ చెమ్మ తగిలీ తగలనట్టున్న గుడ్డతో పైపైన అంటీ అంటనట్టు పోతే చాలావరకు పోతుంది. నల్లటి మచ్చ అయితే నీళ్ళు చెక్క దాకా దిగి, ఇనుము తగిలి, చెక్కలో ఉండే టానిన్ అనే వగరు పదార్థంతో కలిసిందన్నమాట. దానికి అక్కడి పాలిష్ తీసేసి, ఆక్జాలిక్ యాసిడ్‌ని వేడినీళ్ళలో కలిపి పూయాలి. మచ్చ కళ్ళముందే పలచబడుతుంది. అయితే అది విషం. గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, పొడి పీల్చొద్దు, పని అయ్యాక శుభ్రంగా నాలుగైదుసార్లు నీళ్ళతో తుడిచేయాలి, ఎండి స్ఫటికాలు మిగిలితే వాటి మీద సాండింగ్ చేయొద్దు. సొట్టలకి మాత్రం ఏ మందూ అక్కర్లేదు. చెక్క నార తెగకుండా నొక్కుకుపోయి ఉంటే, తడిగుడ్డ పరిచి దాని మీద ఇస్త్రీ పెట్టె కాసేపు ఆనిస్తే ఆవిరికి నార ఉబ్బి పైకి లేస్తుంది. నార తెగిపోయిన గాటు అయితే లేవదు, దానికి లప్పమో, రంగు కలిపిన మైనమో కావాలి.

అన్ని మచ్చలూ తీయాలని నేను అనుకోను. ఏళ్ళ తరబడి చేయి ఆనించి రాసిన చోట నునుపుదేలిన అంచుని, కుర్చీ కింది కర్ర మీద పాదాలు పెట్టిన చోట పడిన పల్లాన్ని నేను ముట్టుకోను. అది మళ్ళీ ఎవరూ తయారుచేయలేనిది.

సాండింగ్ తప్పని చోట 120 నంబరు సాండ్ పేపరుతో మొదలుపెట్టి 180, తర్వాత 220 (నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది). ఎప్పుడూ నార వెంబడే. ఒక నంబరు వదిలేసి ముందుకి దూకితే మొదటి గీతలు పాలిష్ కింద తేలతాయి. ఆఖరుగా తడిగుడ్డతో తుడిచి ఆరనిస్తే నూగు లేస్తుంది, దాన్ని 220తోనే సుతారంగా తీసేయాలి. మాస్కు పెట్టుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్క పొడిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో 1995లోనే చేర్చింది. పాత రంగు పూసిన వస్తువైతే ఇంకా జాగ్రత్త, ఆ రంగులో సీసం ఉండొచ్చు, దాన్ని పొడి చేసి గాల్లోకి లేపకూడదు. ఇంట్లో పిల్లలుంటే ఆ పని అసలు పెట్టుకోవద్దు.

ఇప్పుడు నన్ను ఈ పనిలోకి లాక్కొచ్చిన పాలిష్. లక్క పురుగులు చెట్ల కొమ్మల మీద వదిలే జిగురుని శుద్ధిచేసి పల్చటి రేకులుగా తీస్తారు, ఆ రేకుల్ని స్పిరిట్‌లో కరిగిస్తే లక్క పాలిష్. ఒకప్పటి 78 వేగం గ్రామఫోన్ రికార్డుల్లో వాడింది, మందు బిళ్ళల మీద పూతగా వాడేది కూడా ఇదే లక్క. లీటరు స్పిరిట్‌కి 120 నుంచి 240 గ్రాముల రేకులు వేసి, గాజు సీసాలో పోసి, అప్పుడప్పుడు కదుపుతూ ఒకరోజు ఉంచితే కరుగుతుంది. లక్కలో సహజంగా కొంత మైనం ఉంటుంది కాబట్టి మబ్బుగా కనిపించినా కంగారు పడక్కర్లేదు. కానీ దీని మీద తర్వాత పీయూ వేసే ఉద్దేశం ఉంటే మైనం తీసిన లక్కే తీసుకోవాలి, లేకపోతే పట్టదు. కలిపాక సీసా మీద తేదీ రాయండి. నెలలు గడిచేకొద్దీ అది పాడవుతుంది, పూశాక ఎన్నాళ్ళయినా జిగటగానే ఉంటుంది. అనుమానం ఉంటే గాజు పలక మీద ఒక చుక్క వేసి, మర్నాడు గోరుతో నొక్కి చూడండి. గోటి గుర్తు పడితే ఆ సీసా పారేయాల్సిందే.

పూయడానికి బ్రష్ కన్నా నాకు గుడ్డ ఉండ ఇష్టం. ఎన్నోసార్లు ఉతికి నూగు పోయిన నూలు గుడ్డలో దూది పెట్టి, కింది వైపు ముడతల్లేకుండా పిడికిట్లో పట్టేంత ఉండలా చుట్టాలి. లక్క దూదికి పోయాలి గానీ గుడ్డకి కాదు. నొక్కితే చెమ్మ కనిపించాలి, కారకూడదు. విమానం దిగి మళ్ళీ లేచినట్టు, చేయి కదులుతూ ఉండగానే ఉండ బల్లని తాకాలి, కదులుతూ ఉండగానే లేవాలి. మధ్యలో ఒక్క క్షణం ఆగినా అడుగున ఉన్న పొర కరిగి గుడ్డకి అంటుకుంటుంది, మచ్చ పడుతుంది. మొదట నార వెంబడి బారుగా, తర్వాత చిన్న చిన్న సున్నాలుగా, ఆ తర్వాత ఎనిమిది అంకెలా తిప్పుతూ. ఉండ పట్టేస్తున్నట్టు అనిపిస్తే దాని మీద వేలికొసతో ఒక చుక్క నూనె. పది పన్నెండు పల్చటి పొరలు వేసి ఒక రాత్రి వదిలేయాలి. మర్నాడు చూస్తే పొర చెక్క రంధ్రాల్లోకి కుంగి ఉంటుంది, మళ్ళీ వేయాలి. ఇలా నాలుగైదు రోజులు. చివరికి దాదాపు స్పిరిట్ మాత్రమే ఉన్న ఉండతో పైపైన తుడిస్తే నూనె మసక పోయి అసలు మెరుపు వస్తుంది.

నెమ్మదైన పని ఇది, దానికి లోపాలున్నాయి కూడా. స్పిరిట్ ఒలికితే కరుగుతుంది, వేడి గిన్నె పెడితే మచ్చ పడుతుంది. రోజూ భోజనాలు చేసే బల్లకి నేను ఇది వేయను, దానికి పీయూ లాంటి గట్టి పూతే సరైనది. కానీ లక్క పాలిష్‌కి దెబ్బ తగిలితే ఆ దెబ్బ తగిలిన చోటే బాగుచేసుకోవచ్చు, కొత్త పొర పాత పొరలోకి కరిగి కలిసిపోతుంది. పీయూకి ఆ వీలు లేదు. గీత లోతుగా పడితే ఆ భాగం మొత్తం రుద్ది మళ్ళీ వేయాల్సిందే. మేస్త్రి గారి ప్రశ్న ఇక్కడ కూడా వర్తిస్తుందని నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

నూనె పాలిష్ వాడేవాళ్ళకి ఒక మాట. అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడేయకండి. ఆ నూనె ఆరేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌తో కలుస్తూ వేడి పుట్టిస్తుంది, గుడ్డ మడతల్లో ఆ వేడి బయటికి పోలేక దానంతట అదే మంట అంటుకుంటుంది. ఇళ్ళు కాలిపోయిన సంఘటనలున్నాయి. విడిగా పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్ళు నింపిన మూత డబ్బాలో వేయండి. అలాగే మెరుపు కోసం కొట్టే సిలికోన్ స్ప్రేలు పాత ఫర్నిచర్ మీద వాడొద్దని నా సలహా. ఆ సిలికోన్ సందుల్లోంచి చెక్కలోకి దిగితే తర్వాత ఏ పాలిష్ వేసినా చిన్న చిన్న గుంటలు పడి పరుచుకోదు. తేనెమైనం టర్పెంటైన్‌లో కరిగించి చేసిన పేస్టు చాలు, ఎప్పుడు కావాలంటే అప్పుడు తుడిచేసుకోవచ్చు కూడా. దాన్ని వేడినీళ్ళ గిన్నెలో పెట్టి కరిగించాలి గానీ నేరుగా మంట మీద పెట్టకూడదు.

ఆ పదకొండు మేకుల కుర్చీ ఇప్పుడు నా రాత బల్ల దగ్గరే ఉంది. మేకుల రంధ్రాల్లో అదే రకం కర్రతో చేసిన సన్నటి పుల్లలు దిగ్గొట్టి కోశాను, దగ్గరగా చూస్తే కనిపిస్తాయి. కుర్చీ అడుగున పెన్సిల్‌తో నాలుగు ముక్కలు రాశాను: పశువుల బంక, వేడినీళ్ళ గుడ్డకి వదులుతుంది. వెనక ఎడమ కాలిలో రేకు చుట్టాను. మేకులు లేవు. లక్క పాలిష్, నెల, ఏడాది. ఇప్పుడు ఏది బాగుచేసినా అడుగున ఇలా రాసిపెడుతున్నాను. మూల అరిగిపోయిన ఆ వెనీర్ బల్ల అడుగున కూడా, ఆ మూల యంత్రంతో పోయిందని రాశాను.

ప్రస్తుతం ఒక రెండు సొరుగుల చిన్న బల్ల చేస్తున్నాను. అతుకులు అయిపోయాయి, సొరుగులు జారే చోట కొవ్వొత్తి రుద్దితే హాయిగా కదులుతున్నాయి. పాలిష్ మాత్రం మొదలుపెట్టలేదు. వారం రోజులుగా ముసురు పట్టి ఉంది, ఈ తేమలో లక్క వేస్తే పొర తెల్లగా మసకబారుతుంది. ఎండ కోసం చూస్తున్నాను. ఈలోగా సీసాలో లక్క కరుగుతోంది, ఉండకి కావలసిన గుడ్డ ఉతికి ఆరేశాను, అది కూడా ఇంకా ఆరలేదు.